న్యూయార్క్ నగరంలో రిటైరైన ఉపాధ్యాయులు తమ యూనియన్‌లో ప్రతినిధులను ఎలా ఎన్నుకుంటారు?

యునైటెడ్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్‌లో రిటైరైనవారికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉంది; అందులోని సభ్యులు మూడేళ్లకోసారి తపాలా బ్యాలెట్ల ద్వారా శాఖాధ్యక్షుణ్ణి, ఇతర కార్యవర్గాన్ని, యూనియన్ ప్రతినిధుల సభకు వెళ్లే 300 మందిని ఎన్నుకుంటారు.

ఉద్యోగం ముగిసినా యూనియన్ నగర ప్రభుత్వంతో కుదుర్చుకునే ఆరోగ్య బీమా ఒప్పందాల ప్రభావం వారిపై కొనసాగుతుంది కనుక, ఆ నిర్ణయాల్లో వారికి గొంతు ఉండాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న తర్కం. ఆచరణలో ఓటరు 300 పేర్లను విడివిడిగా తూచడం కష్టం కాబట్టి, చాలామంది ఒక ప్యానెల్ మొత్తానికి ఒకే గుర్తు పెడతారు; అందువల్ల మెజారిటీ వచ్చిన ప్యానెల్‌కే దాదాపు అన్ని స్థానాలూ దక్కుతాయి. ఇది దామాషా పద్ధతి కాదు, చిన్న వర్గాలకు అంత న్యాయమైనదీ కాదు.

2024 జూన్‌లో, రిటైరైనవారిని మెడికేర్ అడ్వాంటేజ్ పథకంలోకి (వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఆరోగ్య బీమాను ప్రైవేటు కంపెనీల ద్వారా నడిపే రూపం) మార్చాలన్న ప్రతిపాదనపై ఆగ్రహంతో ఉన్న సభ్యులు సుమారు 63 శాతం ఓట్లతో ప్రతిపక్షమైన రిటైరీ అడ్వకేట్ ప్యానెల్‌ను గెలిపించారు. దశాబ్దాలుగా పాతుకుపోయిన, యూనియన్ నాయకత్వానికి చెందిన యూనిటీ వర్గం ఆ శాఖను కోల్పోయింది. కొద్ది రోజుల్లోనే యూనియన్ అధ్యక్షుడు మైఖేల్ మల్‌గ్రూ ఆ పథకానికి మద్దతు ఉపసంహరించుకున్నారు.

రిటైరైనవారిది గౌరవ సభ్యత్వమేనని చాలామంది పొరబడతారు. నిజానికి యూనియన్ అధ్యక్ష ఎన్నికలోనూ వారికి ఓటుంది. సర్వీసులో ఉన్నవారి జీతభత్యాల ఒప్పందాన్ని ఆమోదించే ఓటింగు మాత్రం వారికి వర్తించదు.