పసుపు చొక్కా కొట్టేయ్

నాయనా,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. తిరుపతి గోవిందరాజస్వామి గుడి వీధులు, తప్పిపోయిన పిల్లవాడు, ఎటు చూసినా గుండ్లే, ఆ గుండ్ల మధ్య కొడుకును వెతుక్కునే తల్లి. కథ బాగుంది. అయితే మొదటి పేజీలో 'ఇది బ్లాక్ అండ్ వైట్ సినిమా' అని రాశావు. ఎనిమిదో పేజీలో ఆ తల్లి పసుపు చొక్కా చూసి కొడుకును ఆనవాలు పడుతుంది. ఈ రెండింటికీ పొసగదు.

1957లో 'మాయాబజార్'లో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ వెన్నెల కురిపించినప్పుడు నలుపు తెలుపు మామూలు సంగతి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు రంగు అడక్కుండానే వస్తుంది, వద్దనుకునేవాడే కారణం చెప్పాలి. 'ఫ్లాష్‌బ్యాక్ కదా' అంటే నాకు ఆనదు. నీ కథకు గట్టి కారణమే ఉంది, నువ్వే గమనించలేదు. రంగు ఉంటే ఆ పసుపు చొక్కా తల్లి కన్నా ముందు ప్రేక్షకుడికి కనబడిపోతుంది. రంగు తీసేస్తే అతనూ ఆమెతో పాటు వెతుక్కోవాల్సిందే. అందుకని చొక్కాను కొట్టేయ్.

పెన్ను చేతిలో ఉండగానే మిగతా రంగు పేర్లూ కొట్టేయ్. 'పచ్చటి చేలో ఎర్రచీర' అన్నావు. తెర మీద ఆ రెండూ దాదాపు ఒకే బూడిద రంగు. నమ్మకపోతే ఒక పండు టమాటాను దాని ఆకు మీదే పెట్టి ఫొటో తీసి, రంగు తీసేసి చూడు. రంగు పేరున్న చోట వెలుగు రాయి, నునుపో గరుకో రాయి. జరీ అంచు, తడిసి ఒంటికి అంటుకున్న పంచె, చెమట పట్టిన మెడ, ఇవి తెర మీద నిలుస్తాయి.

ఇక పని సంగతి. రంగును బూడిదగా మార్చేటప్పుడు, హెచ్‌డీ వీడియోకు వాడే లెక్కలో, వెలుగును నూటికి ఎరుపు నుంచి 21 పాళ్లు, ఆకుపచ్చ నుంచి 72, నీలం నుంచి 7 తీసుకుంటారు. ఆ పాళ్లు నీ చేతిలోకి తెచ్చుకోవాలి. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌జీబీ మిక్సర్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు కలిపేది) తెరిచి మోనోక్రోమ్ దగ్గర టిక్ పెడితే మూడు మీటలు వస్తాయి. ఎలా కలిపినా మొత్తం 100 (రిజాల్వ్ అంకెల్లో 1.00) దగ్గరే ఉండనీ. దాటిందంటే ముందు పోయేవి తెల్ల పంచెలే, మడతలు మాయమై సున్నం పూసినట్టు అయిపోతాయి.

దీని తమాషా తెలియాలంటే మీ ఇంటి గడప చాలు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను ఫొటో తీసి, ఎరుపు ఒక్కదాన్నే 100కు పెట్టు. పసుపూ కుంకుమా రెండూ తెల్లబారి బొట్లు కరిగిపోతాయి. నీలం ఒక్కటే పెట్టు. రెండూ నల్లబడి మళ్లీ బొట్లు కనబడవు. ఆకుపచ్చ పెట్టినప్పుడే పసుపు వెలిగి, కుంకుమ నల్లగా తేలుతుంది. నుదుటి మీద నామం కూడా అంతే. ఎరుపు పెంచితే నడిమి ఎర్రగీత వెలిసిపోయి, పక్కనున్న తెల్లగీతల్లో కలిసిపోతుంది. ముఖం మీద మచ్చలు కనబడకూడదని కుర్రాళ్లు ఎరుపు పెంచేస్తుంటారు. నీ సినిమాలో ఆ పని చేశావో, నామాలన్నీ పోతాయి.

కపిలతీర్థం వెనక కొండ షాటుకు మాత్రం ఎరుపు 70, ఆకుపచ్చ 30 పెట్టి చూడు. ఆకాశం ముదిరి, ఎర్రరాతి చరియ వెలుగుతుంది. ఆకాశం నిజంగా నీలంగా ఉన్న పొద్దునే అది సాధ్యం. మే నెల మధ్యాహ్నం తెల్లబారిన ఆకాశాన్ని ఏ మీటా నల్లబరచలేదు. నీలాన్ని మైనస్‌లోకి లాగకు. ఫోన్ వీడియోలో నాయిస్, అంటే చుక్కల గరుకు, ఎక్కువగా ఉండేది నీలంలోనే. 8 బిట్ ఫైలైతే, అంటే వెలుగు మెట్లు తక్కువున్న ఫైలైతే, ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది, చెట్ల అంచులు చెదురుతాయి. 10 బిట్ ఉంటే అదే వాడు.

'రోమా' (2018)ను రంగులోనే తీసి తర్వాత మార్చారు. 'ద లైట్‌హౌస్' (2019)ను నలుపు తెలుపు ఫిల్మ్ మీద, ఎరుపును ఆపే ఫిల్టర్ పెట్టి తీశారు. అందుకే ఆ ముఖాలు అంత మొరటుగా, ప్రతి ముడతతో సహా కనబడతాయి. కానీ అందులో వెనక్కి తిరగడం లేదు. నీది మొదటి దారి. ఫోన్‌లో నలుపు తెలుపు (మోనో) ఫిల్టర్ పెట్టి మాత్రం తీయకు, మిక్సర్‌కు ఇక పనే ఉండదు. దాని బదులు ఫోన్ సెట్టింగుల్లో, యాక్సెసిబిలిటీ కింద, తెరను గ్రేస్కేల్‌కు మార్చుకో. చూసేది బూడిద రంగు, రికార్డయ్యేది రంగు. లొకేషన్లు, చీరలు, గోడలు అన్నీ అలాగే చూసి ఎంచుకో. వీధుల్లో తీయడానికి అనుమతి సంగతి ముందే తేల్చుకో.

సరే, చొక్కా పోయాక తల్లి కొడుకును ఎలా ఆనవాలు పట్టాలి? గుండుకు గంధం రాసింది ఆమే కదా. మూడు వేళ్లతో హడావిడిగా రాసి ఉంటుంది. వేళ్ల చారలు పడతాయి, ఎడమ చెవి వెనక రూపాయి బిళ్లంత చోటు తప్పిపోతుంది. ఎండకు ఆరి అంచుల్లో బీటలు వారుతుంది. రెండో పేజీలో ఆమె చేతిని దగ్గరగా చూపించు, ఎనిమిదో పేజీలో ఆ తప్పిపోయిన చోటును చూపించు. మాట అక్కర్లేదు. పొద్దున ఏడు, ఏడున్నర మధ్య ఎండ పక్కనుంచి ఏటవాలుగా తగలాలి, అప్పుడే చారల్లో నీడ పడుతుంది. నడినెత్తి ఎండలో అన్ని గుండ్లూ ఒకే తెల్లటి బంతులు. ఎక్స్‌పోజర్ గంధానికి లాక్ చెయ్, ముఖానికి కాదు. ముఖం కాస్త చీకటైనా పైకి తెచ్చుకోవచ్చు, గంధం వెలుగెక్కువై తెల్లగా కాలిపోతే చారలు తిరిగి రావు.

ముందు ఎవరి గుండుకైనా గంధం రాసి పది ఫొటోలు తీయి. తిరుపతిలో గుండ్లకు కరువా! తిరగరాసిన ప్రతితో పాటు అవి కూడా పంపు. ఫొటోలే ముందు చూస్తాను.