ఖాళీ ఫారాల మీద సంతకాలతో కారు అమ్మేశాను, ప్రమాదం జరిగితే నాకూ బాధ్యత ఉంటుందా?

ప్రశ్న: నాది చిన్న సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం. ఎప్పుడు చూసినా ఎనిమిది, తొమ్మిది కార్లు ఉంటాయి. యజమాని దగ్గర కారు కొనేటప్పుడు పేరు బదిలీకి రవాణా కార్యాలయంలో ఇచ్చే 29, 30 ఫారాలను ఖాళీగానే ఉంచి వాటి మీద సంతకాలు తీసుకుంటాను. అమ్మేటప్పుడు వాటిని కొన్నవాళ్ల చేతికిస్తాను. మధ్యలో నా పేరు మీదికి మార్చుకుంటే ఓనర్ల సంఖ్య పెరిగి ధర పడిపోతుందని అలా చేస్తున్నాను. జనవరిలో కొన్న ఒక కారును మార్చిలో అమ్మాను. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. మేలో అయిపోయిన ఇన్సూరెన్సూ మళ్లీ కట్టలేదు. జూన్‌లో ఆ కారు ఒక బైకును గుద్దింది, బైకు నడుపుతున్న వ్యక్తి కాలు పోయింది. ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ సమన్లు పాత యజమానికి వెళ్లాయి. ఆయన 15 రోజుల గడువుతో నాకు లాయరు నోటీసు పంపాడు. ఏ రికార్డులోనూ నా పేరు లేదు కదా, నాకేం సంబంధం? ఇకమీదట వ్యాపారం ఎలా నడపాలి?

జవాబు: రికార్డులో పేరు లేకపోవడం ట్రిబ్యునల్ ముందు మీకు కొంత పనికొస్తుంది. పాత యజమాని ముందు మాత్రం పనికిరాదు.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(30) ప్రకారం బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వారే యజమాని. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖరారు చేసింది. ఆ కేసులోనూ కారు వరసగా పలువురి చేతులు మారింది, ఆర్సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోయింది. బండి ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి పోయిందో దెబ్బ తగిలినవాళ్లు వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు, పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని కోర్టు చెప్పింది. ప్రమాదం రోజున పాలసీ అమల్లో ఉండి ఉంటే మీకు ఇంత తలనొప్పి ఉండేది కాదు. సెక్షన్ 157 కింద బండితోపాటే థర్డ్ పార్టీ పాలసీ కూడా కొన్నవారికి బదిలీ అయినట్టే లెక్క. పరిహారం కంపెనీయే కట్టేది. మీ విషయంలో పాలసీ మేలోనే అయిపోయింది కాబట్టి డబ్బు పాత యజమాని జేబులోంచే పోవాలి.

ఆయన దాన్ని మీ మీదికి ఎలా తిప్పుతాడో చూడండి. జనవరిలో మీరిచ్చిన డెలివరీ నోట్ తీసి చదవండి. 'ఈ తేదీ నుంచి ప్రమాదాలు, చలాన్లు, కేసులు అన్నింటికీ నాదే బాధ్యత' అనే వాక్యం దాదాపు అందరు డీలర్ల నోట్‌లోనూ ఉంటుంది. కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 124 ప్రకారం అది నష్టపూచీ ఒప్పందం. తాను కట్టిందంతా ఆయన మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. మార్చిలో కొన్నాయన దగ్గర మీరూ అలాంటి కాగితమే రాయించుకుని ఉంటే, మీరు ఆయన మీదికి వెళ్లొచ్చు. రాయించుకోకపోతే గొలుసు మీ దగ్గరే తెగిపోతుంది.

నోటీసుకు గడువులోపే జవాబివ్వండి. కారు తీసుకోలేదని బుకాయించొద్దు, బ్యాంకు లావాదేవీ ఒక్కటి చాలు మీ మాట అబద్ధమని తేల్చడానికి. జనవరిలో తీసుకున్న తేదీ, మార్చిలో అప్పగించిన తేదీ, కొన్నవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఇచ్చి, రశీదుల నకళ్లు జతచేయండి. ప్రమాద సమయానికి కారు ఆయన అధీనంలోనే ఉందని స్పష్టంగా రాయండి. పాత యజమాని తన కౌంటర్‌లో, అంటే రాతపూర్వక జవాబులో, ఈ కాగితాలు పెట్టి, కొన్నాయననూ కేసులో పార్టీగా చేర్చమని ట్రిబ్యునల్‌ను కోరాలి. ఇందులో మీరిద్దరూ ఒకే వైపు ఉండటం మేలు. పోట్లాడుకుంటే లాభపడేది మార్చిలో కారు కొన్నాయనే.

ఒక పని మాత్రం పొరపాటున కూడా చేయొద్దు. ఆ 29, 30 ఫారాల మీద ఇప్పుడు మార్చి నాటి తేదీ వేసి రవాణా కార్యాలయంలో ఇవ్వమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు. అది ఫోర్జరీ అవుతుంది. సివిల్ తగాదాగా ఉన్నదాన్ని క్రిమినల్ కేసుగా మార్చుకున్నట్టే. ఇవాళ్టి తేదీతో బదిలీకి దరఖాస్తు చేయించడం వేరు, అది చేయించాల్సిందే. జూన్ ప్రమాదం బాధ్యత దానితో పోదు గానీ, రేపటి చలాన్లైనా పాత యజమానికి వెళ్లకుండా ఆగుతాయి.

ఇక వ్యాపారం సంగతి. అసలు మీరు భయపడుతున్న ఓనర్ల సంఖ్యకు చట్టంలోనే దారి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2022 డిసెంబరులో 55ఏ నుంచి కొత్త నిబంధనలు చేర్చారు, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. రిజిస్టరైన వాహనాలు కొని అమ్మే డీలరు 29ఏ ఫారంలో దరఖాస్తు చేసి, రిజిస్టరింగ్ అథారిటీ నుంచి 29బీ ఫారంలో ఆథరైజేషన్ పొందాలి. దాని కాలపరిమితి 5 ఏళ్లు. ఆ తర్వాత యజమాని మీకు కారు అప్పగించిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి 29సీ ఫారంలో పోర్టల్ ద్వారా తెలియజేస్తారు. అక్కడి నుంచి ఆ బండికి మీరే యజమానిగా లెక్క, బాధ్యతలూ మీవే. ఆర్సీలో మాత్రం కొత్త ఓనరు ఎంట్రీ పడదు. మీరు ఖాళీ ఫారాలతో దొంగచాటుగా సాధిస్తున్నది ఇక్కడ రాజమార్గంలోనే దొరుకుతుంది. ఆర్సీ, ఫిట్‌నెస్ రెన్యువల్, డూప్లికేట్ ఆర్సీ, ఎన్ఓసీ, పేరు బదిలీ దరఖాస్తులు కూడా మీరే పెట్టొచ్చు. పాత యజమానిని ఓటీపీ కోసం పదిసార్లు బతిమాలే పని తప్పుతుంది.

దీనికి తగిన నియంత్రణా ఉంది. మీ అధీనంలో ఉన్న కారును కొనేవారికి ట్రయల్ ఇవ్వడానికో, రిపేరుకో, పెయింటింగ్‌కో, తనిఖీకో, ప్రదర్శనకో తప్ప రోడ్డెక్కించకూడదు. ప్రతి ప్రయాణాన్నీ ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఎందుకు తీశారు, ఎవరు నడిపారు, ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు వచ్చారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది అందులో ఉండాలి. బావమరిది పెళ్లికి స్టాకులోంచి కారు తీసుకెళ్లే అలవాటు ఉంటే మానుకోండి. అమ్ముడుపోక కారును యజమానికి తిరిగిచ్చేస్తే ఆ సంగతీ రికార్డులోకి ఎక్కించండి, లేకపోతే కాగితాల మీద బండి ఇంకా మీదే.

ఆథరైజేషన్ ఉన్నా లేకున్నా, కొన్నాయన పేరు మార్పించుకుంటాడన్న నమ్మకంతో బండి ఇవ్వొద్దు. సెక్షన్ 50 ప్రకారం అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, బయటి రాష్ట్రమైతే 45 రోజుల్లో బదిలీ సంగతి తెలపాలి. కొన్నవారికి 30 రోజుల గడువు ఉంది. ఇదంతా కొనేవారి బద్ధకం మీద వదిలేయకుండా బదిలీ ఫీజును ధరలోనే కలపండి, దరఖాస్తు మీరే పెట్టించండి, రశీదు చేతికొచ్చాకే తాళాలివ్వండి. పాలసీ గడువు నెలా రెండు నెలల్లో ముగుస్తుంటే డెలివరీకి ముందే కొన్నవారి పేరున కొత్తది చేయించండి. మీ కేసులో ఈ ఒక్కటి జరిగి ఉంటే నోటీసే వచ్చేది కాదు. థర్డ్ పార్టీ కవరేజీలా సొంత డ్యామేజీ కవరేజీ దానంతటది కొన్నవారికి మారదు, 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుది కాదు, మనిషిది. పాత యజమాని బోనస్‌తో ప్రీమియం తగ్గుతుందని కొనేవారికి మాటివ్వకండి. స్టాకులో ఉన్న కార్లకు, ట్రయల్‌లో జరిగే గుద్దుళ్లకు మోటార్ ట్రేడ్ పాలసీ విడిగా తీసుకోండి.

డెలివరీ నోట్‌లో తేదీ ఒక్కటే సరిపోదు. టైమూ రాయాలి, సాయంత్రం 4.40కి ఇచ్చారా, 6.10కి ఇచ్చారా అన్నది కూడా. షోరూం నుంచి బయల్దేరిన గంటలోనే గుద్దిన కేసుల్లో వాదనంతా ఆ నిమిషాల మీదే నడుస్తుంది. మీటరు రీడింగు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఎన్ని తాళాలిచ్చారు, పాలసీ నంబరు, అది ముగిసే తేదీ, ఆ రోజుకు పెండింగ్ చలాన్ల స్థితి అన్నీ అందులోనే ఉండాలి. కొన్నవారి సంతకం పక్కనే, వారు కారు దగ్గర నిలబడ్డ ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి.

కొనేటప్పుడు ఇంకో ప్రమాదం దొంగ బండి. బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద అమ్మేసిన తుక్కు కారు ఆర్సీని, దాని ఛాసిస్ నంబరు ముక్కను కొని, అదే మోడల్ దొంగ కారుకు అతికించేవాళ్లు ఉన్నారు. ఆర్సీ అసలైనదే కాబట్టి రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. అందుకే బండి దగ్గరికి వెళ్లి చూడాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయండి, 17 అక్షరాలనూ ఆర్సీతో ఒక్కొక్కటిగా పోల్చండి. అంకెల లోతు, వాటి మధ్య ఎడం ఒకేలా ఉన్నాయా, చుట్టూ వెల్డింగ్ గీత ఉందా, అక్కడ మాత్రమే పెయింట్ కొత్తగా, మందంగా ఉందా చూడండి. అద్దాల మీద ముద్రించిన సంవత్సరం తయారీ సంవత్సరం కన్నా తర్వాతిదైతే ఆ అద్దం ఎందుకు మార్చారో అడగండి. అమ్మడానికి వచ్చినవాడి పేరు ఆర్సీలో లేకపోతే, ఎంత తక్కువ ధరకిస్తానన్నా యజమాని నేరుగా వచ్చేదాకా ఆగండి. దొంగ సొత్తని తెలిసో, అనుమానించడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు. మరీ చవగ్గా, నగదుకు కొన్నారంటే అనుమానించడానికి కారణం ఉందనడానికి అదే సాక్ష్యం.

ఫైనాన్స్ ఉన్న బండికైతే బాకీ మొత్తాన్ని మీరే నేరుగా లోన్ ఖాతాకు కట్టండి. బ్యాంకు ఎన్ఓసీ, లోన్ తీరిందని బ్యాంకు సంతకం పెట్టిన 35వ ఫారం వచ్చాకే మిగతా సొమ్ము యజమానికివ్వండి. యజమాని చనిపోయి ఉంటే కొడుకు సంతకంతో సరిపెట్టకండి. ముందు వారసుల పేరు మీదికి 31వ ఫారంతో మార్పించమనండి, లేదంటే తర్వాత అక్కాచెల్లెళ్లు కోర్టుకెక్కుతారు.

పన్నుల్లో చిన్న డీలర్లు ఎక్కువగా దెబ్బతినేది జీఎస్టీ మార్జిన్ లెక్కలో. 2025 జనవరి 16 నుంచి పాత కార్లన్నింటికీ, ఎలక్ట్రిక్ కార్లతో సహా, మార్జిన్ మీద 18 శాతం. కారు కొనుగోలు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోకూడదన్నది, అంటే కొన్నప్పుడు పడిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకోకూడదన్నది షరతు. మార్జిన్ అంటే మీ లాభం కాదు, అమ్మిన ధరకూ కొన్న ధరకూ తేడా. 3,00,000కు కొని, 40,000 పెట్టి బాగుచేయించి, పన్ను కాక 3,70,000కు అమ్మారనుకోండి. మీకు మిగిలేది 30,000, కానీ పన్ను వేసేది 70,000 మీద, అంటే 12,600. ఇంకో కారులో 20,000 నష్టం వస్తే దాని మార్జిన్ సున్నా అవుతుంది తప్ప, ఆ నష్టాన్ని మొదటి కారు మార్జిన్‌లోంచి తీసేయలేరు. అందుకే ధర ఒప్పుకునే ముందే రిపేరు ఖర్చు అంచనా వేసుకోండి, ఒక్కో కారుకు ఒక్కో పేజీ పెట్టండి. కారు యజమానిదిగానే ఉంచి కమీషన్‌కు అమ్మిపెడితే లెక్క వేరు, అప్పుడు పన్ను మీ కమీషన్ మీద పడుతుంది. ఏ కారు ఏ పద్ధతిలో తీసుకున్నారో కొన్న రోజే రాసిపెట్టండి. తర్వాత వీలును బట్టి మారిస్తే ఆడిట్‌లో నిలబడదు.

ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. వాయిదాలుగా పుచ్చుకున్నా అదే కారుకైతే తప్పించుకోలేరు. మీరు కారు కొనేటప్పుడు ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే, ఆ కొనుగోలును ఖర్చుగా చూపించుకోలేరు. అంటే కారు విలువంతా మీ ఆదాయంలా కనిపిస్తుంది. ఆర్సీలో ఎవరి పేరుందో వారి ఖాతాకే డబ్బు పంపండి, దొంగ బండి భయానికీ ఇదే మందు.

'ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది' అని బిల్లు కింద రాసినంత మాత్రాన అన్నీ తీరిపోవు. మీకు తెలిసిన లోపం దాస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. మీటరు వెనక్కి తిప్పితే మోసం కేసు కూడా. పెద్ద యాక్సిడెంట్ అయినదనో, వరదలో మునిగినదనో తెలిస్తే బిల్లులోనే రాసి సంతకం తీసుకోండి. ధర కొంచెం తగ్గవచ్చు గానీ, కొన్నవారు రెండేళ్లలోపు ఎప్పుడైనా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలిగే దారి మూసుకుంటుంది. ఇంజిన్‌కు గ్యారంటీ ఇస్తే ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, ఏ భాగాలకు అన్నది కాగితం మీద పెట్టండి. టోకెన్ అడ్వాన్సు రశీదులో, కొనేవారికి లోన్ రాకపోతే ఎంత తిరిగిస్తారో రాయండి.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఇప్పటిదాకా ఖాళీ ఫారాలతో అమ్మిన కార్లన్నింటి నంబర్లూ తీసి, వాహన్‌లో ఏవి ఇంకా పాత యజమాని పేరు మీదే ఉన్నాయో, వాటి పాలసీ ఎప్పుడు ముగుస్తుందో చూడండి. మారని ప్రతి కారు కొన్నవారికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, నకలు పాత యజమానికీ పంపండి. పాలసీ ఇప్పటికే అయిపోయిన వాటికి ముందు ఫోన్ చేయండి, పోస్టు తర్వాత.