దెబ్బ తలకు తగిలింది, జబ్బు మనసుదంటున్నారు: పరిహారం రాదా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా ఆయనకు 40 ఏండ్లు. పత్తి జిన్నింగ్ మిల్లులో నెలకు 14 వేల జీతం. 2025 మార్చిలో బేళ్ల మీది నుంచి పడ్డాడు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో తలకు కుట్లేశారు. గాయం మానింది గానీ రెండు నెలలకు ఫిట్స్ మొదలయ్యాయి. నిద్ర పట్టదు, మిషన్ చప్పుడు వింటే వణుకుతాడు. ‘ఇది మెంటల్ జబ్బు, మిల్లుకేం సంబంధం’ అని యజమాని 40 వేలిచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఇంకేమీ రాదా?

జవాబు: అడిగే హక్కు మీకుందమ్మా. ముందు జీతం చీటీ చూడండి. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కటింగ్ ఉంటే ఈఎస్ఐ ఆఫీసులోనే అడగాలి, మిల్లు మీద పరిహారం కేసు నడవదు. కటింగ్ లేదనుకుని మిగతాది చెప్తాను.

ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి జబ్బుల జాబితా ఉంది. సీసం, పాదరసం, మాంగనీసు విషాలతో వచ్చే జబ్బులు అందులో ఉన్నాయి; పని ఒత్తిడితో వచ్చే కుంగుబాటు లేదు. యజమాని పట్టుకున్నది ఈ కొసనే. కానీ పనిలో జరిగిన ప్రమాదపు దెబ్బ వల్లే నేరుగా వచ్చిన జబ్బయితే, జాబితాలో లేకున్నా పరిహారం ఇవ్వాల్సిందే. మీ కేసంతా ఆ లంకె మీదే నిలబడాలి.

అందుకే ఆ రోజు ఎంజీఎం ఓపీ చీటీ తీసి చూడండి. ‘మిల్లులో పడ్డాడు’ అని రాసి ఉందా? వెంట వచ్చిన మిల్లు మనిషి ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయించడం మామూలే. అలా ఉంటే పక్కన పనిచేసిన ఇద్దరి సాక్ష్యం కావాలి. తలకు దెబ్బ తగిలిన నెలల తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. ఇవి ఆ దెబ్బ వల్లేనని నరాల డాక్టరుతో, వణుకు, నిద్రలేమి సంగతి మానసిక వైద్యుడితో రాయించండి.

ఇక శాతం. వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటే పరిహారమూ 40 శాతమేనని మిల్లు వాళ్లంటారు. చట్టం చూసేది సంపాదించే శక్తి ఎంత పోయిందని. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి ఆ శక్తి నూటికి నూరు పోయినట్టేనని సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. ఫిట్స్ వచ్చే మనిషిని ఏ మిల్లు మిషన్ దగ్గర నిలబెడుతుంది? ఇదే డాక్టరుతో చెప్పించాలి.

పూర్తిగా పోయిందని తేలితే జీతంలో 60 శాతం, అంటే 8,400, దాన్ని చట్టం పట్టికలో 40 ఏండ్ల వయసుకున్న 184.17 అంకెతో హెచ్చిస్తే 15,47,028 రూపాయలు. సగమే పోయిందంటే అందులో సగం. సకాలంలో కట్టనందుకు 12 శాతం వడ్డీ, వైద్యానికి అయిన ఖర్చు వేరు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం బదులు సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గానీ, మీ ప్రమాదం అంతకు ముందుది కాబట్టి పాత చట్టం లెక్కే.

వేలిముద్రకు భయపడకండి. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చెల్లదు. ఆ 40 వేలు తీసుకున్న మాట మాత్రం దాచొద్దు.

దరఖాస్తు కార్మిక శాఖలోని పరిహార కమిషనర్‌కు ఇవ్వాలి. గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు, అంటే 2027 మార్చి. ఆడవాళ్లకు, కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వెళ్లేటప్పుడు చీటీలు, స్కానింగ్ రిపోర్టులతో పాటు మందుల బిల్లులు కూడా తీసుకెళ్లండి.