ఇంటి చెత్త అంచనా మీద ప్రాజెక్టు: మా అమ్మాయిని వద్దనాలా?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం. ఇళ్లలో ఎంత చెత్త వస్తుందో ముందే అంచనా వేసే ప్రాజెక్టు తీసుకుంది. ఇంటర్నెట్‌లో దొరికిన డేటాతో మోడల్ కట్టి, 97 శాతం సరిగ్గా వస్తోందంటోంది. బంధువులేమో బ్యాంకు డేటా మీద చెయ్యమంటున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: వద్దనకండమ్మా. ఒక వార్డులో చెత్త తీసుకెళ్లే ఆటో టిప్పర్లు ఎన్ని తిరగాలి, కంపోస్ట్ యూనిట్ ఎంత పెద్దది కట్టాలి అన్నవి ఈ అంకె మీదే తేలతాయి. ఇంటికి అర కిలో లెక్క తప్పితే 2,000 ఇళ్లకు రోజుకో టన్ను తేడా వస్తుంది. ఆ భారం ముందు పారిశుద్ధ్య కార్మికుల మీద పడుతుంది, తర్వాత ఊరి బయట పల్లెల మీద. బెంగళూరు చెత్తను పోసిన శివారు పల్లె మండూరు వాళ్లు ఎన్నాళ్లో పోరాడితే గానీ 2014 చివర్లో అక్కడ చెత్త పోయడం ఆగలేదు.

నాకు అనుమానమల్లా ఆ 97 శాతం మీదే. ఒకే ఇంటి సోమవారం లెక్కతో మోడల్‌కు నేర్పి, అదే ఇంటి మంగళవారం లెక్కతో పరీక్ష పెడితే మార్కులు బాగానే వస్తాయి. కొత్త ఇల్లు కనబడగానే తడబడుతుంది. కొన్ని ఇళ్లను మొత్తంగా పక్కన పెట్టి, వాటి మీద పరీక్షించమనండి. "పోయిన వారం ఇదే రోజు ఎంతో ఈ వారమూ అంతే" అన్న మామూలు అంచనాను మించకపోతే ఆ మోడల్ అవసరమే లేదు.

అంతకన్నా ముఖ్యం, తూకం తనే వెయ్యాలి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అడిగి, ఓ ముప్పై ఇళ్లలో కొన్ని వారాలపాటు తడి చెత్త, పొడి చెత్త వేర్వేరుగా తూయమనండి. అక్కడ తెలిసే విషయాలు ఏ డేటా ఫైలూ చెప్పదు. పొడి చెత్త బండి రోజూ రాని చోట, అది వచ్చిన రోజు బరువు కొన్ని రోజుల బరువు. పాత పేపర్లు అమ్మేసేవాళ్ల లెక్క బండిలోకి రానే రాదు. సంక్రాంతికి మనవాళ్లంతా ఊళ్లకు పోతే సున్నాలు వస్తాయి, వాటిని సగటులో కలిపేయకూడదు. ఆయుధపూజ మర్నాడు అరటి పిలకలు, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు తూకాన్ని ఎక్కడికో తీసుకెళ్తాయి. వానలో తడిస్తే అదే చెత్త ఎక్కువ తూగుతుంది. జీతమెంతని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఇంట్లో ఎంతమంది, ఎన్ని పూటలు వండుతారు అని అడిగితే చాలు, నా లెక్కలో అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. కార్పొరేషన్లకు ప్రాజెక్టు నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, చెత్త సేకరణ కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, ప్లాస్టిక్ తయారీదారులు తమ ప్లాస్టిక్ చెత్తను వెనక్కి సేకరించాల్సిన బాధ్యత లెక్కలు చూసే సంస్థలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో రోజుకు 100 కిలోల చెత్త దాటే సముదాయాలను బల్క్ జనరేటర్లు (ఎక్కువ చెత్త వచ్చే చోట్లు) అన్నారు, అంటే పెద్ద అపార్ట్‌మెంట్లకూ లెక్క కావాలి. మొదటి జీతం ఐటీ కంటే తక్కువే ఉండొచ్చు, అది ముందే తెలిసి ఉండటం మంచిది. ఒకవేళ మనసు మారినా నష్టం లేదు. కరెంటు వాడకం, సూపర్ మార్కెట్ సరుకు అంచనా వేసేవాళ్లూ చేసేది ఈ పనే. సొంతంగా తూచి, తప్పులు ఏరి, మోడల్ కట్టానని ఇంటర్వ్యూలో చెప్పగలిగిన పిల్ల మాట బ్యాంకువాళ్లు కూడా శ్రద్ధగా వింటారు.

పై చదువుకు పర్యావరణ ఇంజినీరింగ్ ఎం.టెక్ వైపు చూడొద్దు, చాలాచోట్ల ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతారు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కోసం జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. చివరి సంవత్సరంలోనే రాయొచ్చు. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది కాబట్టి, తూకం పని దసరాకల్లా మొదలుపెడితే రెండూ సాగుతాయి.