వత్తులు కింది వరుసను గుద్దుకుంటున్నాయా?

ప్రశ్న: ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంటాం. రెడీమేడ్ టెంప్లేట్‌తో వెబ్‌సైట్ చేసుకున్నాం. ఇంగ్లిష్ పేజీ బాగానే ఉంది. తెలుగు పేజీ మాత్రం ఇరుకుగా, చదవబుద్ధి కాకుండా ఉంది. నోటో సాన్స్ తెలుగు తీసేసి మండలి ఫాంటు పెట్టినా అంతే. ఖాళీ వదిలితే స్క్రీన్ దండగని మావారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఫాంట్లు మార్చడం ఆపండి, తప్పు వాటిది కాదు. టెంప్లేట్ చేసినవాళ్ల మనసులో ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నట్టున్నాయి. వాటిలో వై, జీ లాంటి కొన్నింటికే తోకలు కిందికి దిగుతాయి. మనకు పైన గుడి, కింద వత్తు. మీ జాబితాలో ‘చింతకాయ తొక్కు’ కింద ‘నిమ్మకాయ’ ఉందనుకోండి. తొక్కులోని క వత్తు కిందికి దిగుతుంది, నిమ్మకాయలోని గుడి పైకి లేస్తుంది. ఇలాంటివి ఎదురుపడితే గుద్దుకుంటాయి.

పేజీ రూపురేఖలు రాసి ఉండే స్టైల్‌షీట్‌లో లైన్-హైట్ (వరుస ఎత్తు) అని ఉన్నచోట చూడండి. 1.2 అనో, 20 పిక్సెళ్లనో కనిపిస్తే దొంగ దొరికినట్టే. దాన్ని 1.7 చేయండి, చాలకపోతే 1.8. పిక్సెళ్లలో కాకుండా ఉత్త అంకె ఇవ్వండి. 20 పిక్సెళ్లకు కట్టేస్తే, 32 పిక్సెళ్ల శీర్షిక రెండు వరుసలకు సాగినప్పుడు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఉత్త అంకె అంటే అక్షరం సైజుకు అన్ని రెట్లని, కాబట్టి అక్షరం పెరిగేకొద్దీ వరుసల ఎడం కూడా పెరుగుతుంది. శీర్షికలకు లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) పెట్టి ఉంటే తీసేయండి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అది అందమేమో గానీ, తెలుగు మాటను ముక్కలు చేస్తుంది.

ఇక మీవారి సంగతి. పచ్చడి జాడీని అంచుదాకా నింపరు కదా, పైన నూనె తేలడానికి చోటు వదులుతారు. ఇదీ అంతే. అయితే ఎంత వదిలారన్నదానికన్నా ఎక్కడ వదిలారన్నదే ముఖ్యం. పచ్చడి ఫొటో, పేరు, ధర, ‘కొనండి’ బటన్ ఒకే కుటుంబం. వాటి మధ్య 8 పిక్సెళ్లు చాలు. ఒక పచ్చడికీ మరోదానికీ మధ్య 32 ఇవ్వండి. అన్నిచోట్లా ఒకే ఎడం ఉంటే ఆ ధర ఆవకాయదో, దాని కిందున్న గోంగూరదో కొనేవాళ్లకు తెలియదు. సగం మంది అక్కడే వెనక్కి పోతారని నా అనుమానం.

ఈ ఎడాలకు ఎంటర్ మీద ఎంటర్ కొట్టకండి, స్టైల్‌షీట్‌లో మార్జిన్ (చుట్టూ వదిలే ఖాళీ) వాడండి. ఎంటర్లతో చేసిన ఖాళీ కంప్యూటర్‌లో చక్కగా ఉండి, ఫోన్‌లో బావిలా నోరు తెరుస్తుంది. అన్నట్టు, వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018 మార్గదర్శకాల ప్రకారం, చూపు మందగించినవారు తమ బ్రౌజర్‌లో వరుస ఎత్తును అక్షరం సైజుకు 1.5 రెట్లు చేసుకున్నా పేజీలో ఏ మాటా తెగిపోకూడదు. అందుకని పేజీలో మాటలుండే పెట్టెలకు ఎత్తు బిగించకండి. మార్పులయ్యాక మీ ఇంట్లో అందరికన్నా చిన్న ఫోన్ ఎవరిదో, అందులో తెరిచి చూడండి.