పుస్తకాల బీరువాకి తాళం పెట్టించకు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మూడో బెడ్‌రూమ్ మొత్తం నువ్వు పుస్తకాలకే ఇచ్చేస్తున్నావని చెప్పింది. ఎంత సంబరపడ్డానో. మన వాళ్ళలో తాతయ్య తరవాత పుస్తకాలకంటూ ఒక చోటు కావాలనుకున్నది నువ్వే. ఆ తరవాత కార్పెంటర్ గీసిన బొమ్మ వాట్సాప్‌లో పంపింది. బాత్రూమ్ గోడకి ఆనించి, నేల నుంచి శ్లాబు దాకా బీరువాలు, అద్దాల తలుపులు, ప్రతి తలుపుకీ తాళం. అది చూశాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను, మొత్తం చదువు.

కొనడం గురించి నీకు నేను చెప్పేదేముంది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరుగు, కొత్త సంవత్సరం రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళు. పాత పుస్తకమైతే డబ్బులిచ్చే ముందు అక్కడే నిలబడి పేజీ నంబర్లు చూసుకో. ఒక్కోసారి పదహారు పేజీల ఫారం ఒకటి మొత్తానికే ఉండదు, లేదా ఒకటే ఫారం రెండుసార్లు కుట్టేసి ఉంటుంది, ఇంటికొచ్చాక ఏడ్చి లాభం లేదు. అరలు నిండాలని మాత్రం సెట్లు సెట్లుగా కొనకు.

నా భయమంతా ఆ తాళం గురించే.

తాతయ్యది కొల్లిపర అని నీకు తెలుసు కదా. ఆయన చిన్నప్పుడు, 1935లో, పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పడవెక్కినవాళ్ళూ, కాలవ గట్టు మీది ఊళ్ళవాళ్ళూ చదువుకునేవాళ్ళు. తాతయ్యకి చదువు పిచ్చి పట్టింది ఆ పడవ దగ్గరే. ఎన్నిసార్లు చెప్పారో, చెప్పిన ప్రతిసారీ పదేళ్ళ పిల్లాడైపోయేవారు.

అలాంటి మనిషి తెనాలిలో ఇల్లు కట్టుకున్నాక గోడ బీరువా పెట్టించి, జీతంలో మిగిల్చి మిగిల్చి పుస్తకాలు కొన్నారు. మొదట్లో వీధిలో ఎవరడిగినా ఇచ్చేవారు. నేను ఆ బీరువా ముందు చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని చదువుతూ పెరిగాను. ఆయన ప్రాణంగా చూసుకునే భారతం సంపుటాల్లో ఒకటి ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. ఎవరో ఆయనకి తెలుసు, అడగడానికి మొహమాటం. అడగలేక బీరువాకి తాళం వేసి చెవి మొలతాడుకి కట్టుకున్నారు. కొన్నాళ్ళు మేం అడిగితే తీసిచ్చేవారు, తరవాత తరవాత అడగడానికి మాకే విసుగేసింది. నాకు పెళ్ళయి వచ్చేశాను. మీ అమ్మ అప్పటికి చిన్నది. సరస్వతీ పూజ నాడు ఆ తలుపులకి పసుపూ కుంకుమా పెట్టడం తప్ప, లోపలివి ముట్టుకోకుండానే పెరిగింది. నీకన్నా ఆత్రంగా చదివే పిల్ల అది, తెలుసా.

ఆయన పోయాక, కర్మలన్నీ అయ్యాక తాళం తీశాం. ముందు వరస తిన్నగా నిలబడే ఉంది. మీ అమ్మ ఒకటి పట్టుకుని లాగితే వీపు అట్ట ఒక్కటే చేతికొచ్చింది, వెనకంతా మట్టి. చెదలు వెలుతురులోకి రావు కదా, గోడలోంచి వచ్చి పై అట్టలు వదిలేసి లోపలంతా తినేశాయి. నెలకోసారి ఎవరైనా ఒక పుస్తకం తీసి పెట్టినా మొదటి మట్టి చార అప్పుడే కనపడేది. మీ అమ్మ సాయంత్రం దాకా ఆ మట్టిలోంచి కాగితాలు ఏరుతూ కూర్చుంది. ఇంట్లో ఒక్క పుస్తకం కూడా ఉంచుకోదేమిటని దాన్ని వెక్కిరిస్తుంటావే, ఇకనుంచి అలా అనకు తల్లీ.

కాబట్టి ఆ బాత్రూమ్ గోడ వదిలెయ్, ఎంత టైల్స్ వేసినా చెమ్మ దిగుతుంది. వేరే గోడైనా బీరువాకీ దానికీ మధ్య రెండంగుళాలు ఖాళీ ఉంచు, కింది అర నేలకి ఎత్తుగా ఉండాలి. చెక్క పని మొదలుపెట్టక ముందే పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచి చెదల మందు పెట్టించు. కలరా ఉండలూ వేపాకూ చిన్న పురుగులకే, వాటిని నమ్ముకుని కూర్చోకు. పలకలు మూడడుగులు దాటితే పుస్తకాల బరువుకి వంగుతాయి, మధ్యలో దన్ను పెట్టించు. పేజీ చిరిగితే సెలోటేప్ వెయ్యకు, కొన్నేళ్ళకి ఆ గమ్ము పచ్చబడి కాగితాన్నే పాడుచేస్తుంది, బైండింగ్ అతనికివ్వు. హైదరాబాద్ దుమ్ముకి అద్దాలు ఉండనీ, తాళాలు మాత్రం తీసెయ్యమను.

ఎవరైనా అడిగితే ఇవ్వు. ఒక నోట్‌బుక్‌లో పేరూ తారీఖూ రాసుకుని ఇవ్వు, నెల దాటితే మొహమాటపడకుండా అడుగు. అంత మంచి మనిషి తాతయ్యకి ఈ ఒక్కటే చేతకాలేదు. మళ్ళీ దొరకనివి, ఎవరైనా సంతకం పెట్టి ఇచ్చినవీ అయితే ఇంటికొచ్చి చదువుకోమను, టీ పెట్టివ్వు. ఒకటీ అరా పోతాయి, పోనీ. కింది రెండరలూ పాపకి వదిలెయ్. చింపుతుంది, బొమ్మలు గీస్తుంది, దాన్ని మాత్రం కసరకు.

కార్పెంటర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇచ్చినా సరే, రేపే ఫోన్ చేసి పని ఆపమను, కొలతలు నాకు పంపు. సంక్రాంతికి కారులోనే రండి, నా పుస్తకాల్లో కావలసినవి తీసుకెళ్ళు, నాకు ఇప్పుడు చిన్న అక్షరాలు ఆనడం లేదు. మీ అమ్మని కూడా తీసుకురా. ముందు దాన్ని ఏరుకోనివ్వు.

పెద్దమ్మ