ఔట్‌బోర్డు ఇంజిన్‌తో రెండు బ్యాటరీలు ఎలా ఛార్జ్ చేయాలి?

కొత్తపట్నంలో ఫైబర్ పడవ, సెల్ఫ్ స్టార్ట్ ఉన్న 25 హెచ్‌పీ ఇంజిన్. రాత్రంతా లైట్లు, జీపీఎస్, ఫిష్ ఫైండర్ వాడితే తెల్లారి ఇంజిన్ అందుకోవడం లేదు, రెండో బ్యాటరీ పెడితే రెండూ ఎలా ఛార్జ్ అవుతాయని అడిగారు.

రెండింటినీ నేరుగా కలిపేయకండి అన్నా. అలా కలిపితే లైట్లు రెండింటినీ పీల్చేస్తాయి. నడి సముద్రంలో అది ప్రాణాల మీదికి వచ్చే పని. మధ్యలో వీఎస్‌ఆర్ అనే రిలే, అంటే వోల్టేజీని బట్టి తనే పనిచేసే స్విచ్, పెట్టండి. ఇంజిన్ తిరుగుతూ స్టార్టింగ్ బ్యాటరీ దగ్గర 13.3 వోల్టులు దాటగానే రెండోదాన్ని తనే కలుపుతుంది, ఇంజిన్ ఆపాక 12.8 దాకా పడితే విడదీస్తుంది. స్టార్టింగ్ బ్యాటరీ భద్రం. రెండు బ్యాటరీల నుంచి ఈ రిలేకు వెళ్లే ప్లస్ వైర్లకూ ఫ్యూజు తప్పనిసరి.

రిలే బదులు చేతితో తిప్పే బ్యాటరీ స్విచ్ వాడితే ఇంజిన్ నడుస్తుండగా ఆఫ్‌లోకి తిప్పొద్దు, ఇంజిన్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయర్ కాలిపోతుంది.

అసలు చిక్కు కరెంటు చాలకపోవడం. ఇంజిన్ నుంచి 10 ఆంపియర్లు వచ్చినా, సగం దిగిన 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ నిండడానికి 5 గంటల పైనే పడుతుంది. వల దగ్గర స్లోలో ఉంటే ఇంకా తక్కువ వస్తుంది. అందుకే ఒడ్డుకొచ్చాక ఇంటి కరెంటు మీద ఛార్జరు పెట్టండి, లేదా ఛార్జ్ కంట్రోలర్‌తో 100 వాట్ల సోలార్ ప్యానెల్ బిగించండి.

ముందు ఒకసారి వైర్ల కొసల్లోని రాగి లగ్గులు చూడండి. ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి ఉంటే గీకి, బిగించి, గ్రీజు రాయండి.